గాలయ్య గొంతు

పిడుగు బ్యాండు కొత్త సీడీ మంగళవారం పొద్దున ఎంకయ్య ఆటోలో మేడ్చల్‌కు వచ్చింది. డ్రైవరు సీటులో అటొకరిని ఇటొకరిని ఇరికించుకోనిదే బండి కదిలించని ఎంకయ్య ఆ రోజు ఎవర్నీ పక్కన కూర్చోనివ్వలేదు. సీడీ మీద ఎవరైనా కూర్చుంటారని భయం. పన్నెండేళ్ల తర్వాత వస్తున్న పాటలాయె, ఆ మాత్రం మర్యాద చెయ్యొద్దా మరి.

ఆటో నేరుగా వీరేందర్ మైక్ సెట్ దుకాణం ముందు ఆగింది. పెళ్లి కానీ, బోనాలు కానీ, ఎలక్షన్లు కానీ, మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా మోగేవి వీరేందర్ స్పీకర్లే. వచ్చే ఆదివారం సంత మైదానంలో పిడుగు బ్యాండు ప్రోగ్రాం పెట్టించిందీ అతనే. యాప్రాల్‌లో ఉండే ఆ బ్యాండు ముగ్గురినీ, పాడే గాలయ్యను, గిటారు వాయించే అరుణ్‌ను, డ్రమ్ములు కొట్టే అతన్ని, ఒప్పించడానికి నెలల తరబడి స్కూటరు అరగదీశాడు.

పాటలు వినడానికి పాత జట్టంతా వచ్చేసింది. టైలరు వచ్చాడు, మోటారు మెకానిక్కు వచ్చాడు, ఇంకా ఇద్దరు ముగ్గురు. ఒకప్పుడు వీళ్లంతా పిడుగు బ్యాండు స్టేజీ ముందు చొక్కాలు విప్పి ఎగిరినవాళ్లే. ఇప్పుడు విప్పితే బాగుండదని వాళ్లకే తెలుసు. ఎలక్ట్రిక్ గిటారు ఇంగ్లీషు పాటలకే పుట్టిందని అందరూ అనుకునే రోజుల్లో, క్రషర్ల దుమ్ము గురించి, నీళ్ల ట్యాంకరు దగ్గర కొట్లాటల గురించి, తమ మాటలోనే తమకు పాడి వినిపించినవాళ్లు కాబట్టి పిడుగు బ్యాండంటే వాళ్లకు ప్రాణం. ‘ఎర్రదుమ్ము’ అనే ఆ మొదటి కాసెట్టు ఈ చుట్టుపక్కల అందరికీ కంఠతా వచ్చు.

వీరేందర్ సీడీని బనీను అంచుతో తుడిచి ప్లేయర్లో పెట్టాడు. అరుణ్ గిటారు మొదలైంది.

ఒక్క తీగ మీద మెల్లగా మొదలై, గుట్ట అవతల ఉరిమినట్టు దగ్గరికొచ్చి, వెంటనే డ్రమ్ములను వెంటేసుకుని దుకాణమంతా నిండిపోయింది ఆ చప్పుడు. టైలరు కొరికిన దారం ముక్క నోట్లోనే ఉంచుకుని నిలబడిపోయాడు. వీరేందర్‌కు చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఇన్నేళ్లు ఎట్లా బతికామురా ఇది లేకుండా అనిపించింది.

అప్పుడు గాలయ్య గొంతు వచ్చింది. నిండుగా, బరువుగా, తొందర లేకుండా వచ్చింది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“గిది గాలన్న గొంతేనా?” అన్నాడు ఎంకయ్య.

“సప్పుడైతే మస్తున్నది. మనిషే ముసలోడైండు,” అన్నాడు మెకానిక్కు.

“నాకైతే మంచిగనే ఉన్నది,” అన్నాడు టైలరు దారం ఉమ్మేసి.

“నువ్వు నీ కుట్టు గూడ మంచిగున్నదంటవు,” అన్నాడు ఎంకయ్య. “పాత కాసెట్ల గాలన్న పాడితే కత్తి లెక్క దిగుతుండె. గిదేంది, బస్తా మోసుకొస్తున్నట్టు.”

దుకాణం అరుగు మీద కూర్చున్న బాలనర్సమ్మ తలెత్తింది. ఆమె వీరేందర్‌కు చిన్నమ్మ. దేవరయాంజాల్ దగ్గర ద్రాక్షతోటలో పని చేస్తుంది. పిల్లల కోసం పండ్లు తెచ్చి, చాయ్ కోసం ఆగింది.

“ఏం మారింది? గాయిన గొంతు గట్లనే ఉన్నది గదరా,” అంది.

అందరూ నవ్వారు. “అక్కా, నీ చెవులల్ల ద్రాక్షపండ్లు ఇరికినయి. తీసి ఇను,” అన్నాడు ఎంకయ్య. వీరేందర్ కూడా నవ్వాడు. కానీ లోపల అతనికి దిగులుగా ఉంది. ఎంకయ్య అన్నమాటే తనకూ తోచింది. పైకి అనలేకపోయాడు, అంతే.

గురువారం మధ్యాహ్నం గాలయ్య మైకులు చూసుకోవడానికి వచ్చాడు. యాప్రాల్‌లో నీళ్ల ట్యాంకరు నడుపుతాడతను. పొడుగు మనిషి, కణతల దగ్గర జుట్టు నెరిసింది. మైకు చేతిలోకి తీసుకుని, ఊది చూసి, దూరంగా పట్టుకుని రెండు మాటలు పాడి, దగ్గరగా పట్టుకుని అవే మాటలు మళ్లీ పాడాడు. అయిదు మైకుల్లోంచి ఒకటి ఎంచి పక్కన పెట్టాడు. వీరేందర్ చాయ్ తెప్పించాడు. అంత మనిషి తన స్టూలు మీద కూర్చుని తన గ్లాసులో చాయ్ తాగుతుంటే వీరేందర్‌కు కాళ్లు నేల మీద నిలవడం లేదు.

అంతలో ఎంకయ్య ఆటో దిగాడు, వెనక మెకానిక్కు. కాళ్లు మొక్కినంత పని చేశారు. కాసేపు అరుణ్ గిటారును పొగిడారు. గాలయ్య నవ్వుతూ విన్నాడు.

“మరి పాటలెట్లున్నయి?” అని తనే అడిగాడు.

ఎంకయ్య మెకానిక్కు వైపు చూశాడు. మెకానిక్కు గ్లాసులోకి చూశాడు.

“అన్నా, నీ మీద పానముండి జెప్తున్న. ఏమనుకోకు,” అన్నాడు ఎంకయ్య. “గొంతు పోయింది నీది. ఆదివారం జనం ఎర్రదుమ్ము పాటలే అడుగుతరు. జర పాత కాసెట్ల తీరు పాడరాదే. లేకుంటే పిల్లలు ఈలలేస్తరు. మా ముంగట నిన్ను అట్ల జేస్తే మేం సూడలేం.”

కొట్టినా అంత నొప్పి ఉండదు. పైగా అది ప్రేమతో అన్న మాట, తిరిగి ఒక మాట అనడానికి కూడా వీల్లేదు. గాలయ్య గ్లాసును స్టూలు మీద పెట్టి, కింద పడకుండా మధ్యకు జరిపాడు.

“నాకెర్కనే,” అన్నాడు గాలయ్య చివరికి. “వీరేందర్, నీ దగ్గర పాత కాసెట్ ఉన్నది గద. ఆదివారం గదే ఎయ్యి. నేను మైకు పట్టుకొని నిలవడి నోరు ఆడిస్త. సినిమాలల్ల జేస్తలేరా. జనం ఖుష్ అయితరు. గా తర్వాత ఇగ నన్ను పిలవకుండ్రి.”

“గట్లెట్లన్నా,” అన్నాడు వీరేందర్.

“గట్లనే.”

ఏరి పెట్టిన మైకును గాలయ్య మళ్లీ మిగతా నాలుగింటిలో కలిపేసి, బయటికి నడిచాడు. ఎంకయ్య తలకాయ గోక్కున్నాడు. తను చేసిందేమిటో అతనికి పూర్తిగా అర్థమైనట్టు లేదు. వీరేందర్‌కు అర్థమైంది. ఇంత కష్టపడి రప్పించిన మనిషిని ఆదివారం తన చేత్తోనే బొమ్మను చేసి నిలబెట్టాలి.

కాని అడిగింది గాలయ్య. కాదనడానికి తనెవరు? పోనీ చేసే పనైనా బాగా చేద్దామనుకున్నాడు. దుకాణంలో ఉన్న ఎర్రదుమ్ము అసలుది కాదు, కాపీయే. దాని నుంచి ఊరందరికీ కాపీలు తీసి తీసి రిబ్బను అరిగిపోయింది, వాన పడుతున్నట్టు సుర్రుమంటుంది. పెద్ద స్పీకర్లలో ఆ చప్పుడు దాగదు. కంపెనీ వేసిన అసలు కాసెట్లు అప్పట్లో ఈ దిక్కుకు రాలేదు. వీరేందర్ సిటీకి పోయి ఒక్కటి పట్టుకొచ్చాడు. తన కాపీ తీసుకున్నాక, అట్ట మీది గుట్టల బొమ్మ బాగుందని చిన్నమ్మ ముచ్చటపడితే ఆమెకిచ్చేశాడు.

శుక్రవారం స్కూటరేసుకుని దేవరయాంజాల్ పోయాడు. తోటలో పందిరి కింద ఆడవాళ్లు వరసగా కూర్చుని గుత్తులు శుభ్రం చేస్తున్నారు. బాలనర్సమ్మ గుత్తిని కాడ దగ్గర మాత్రమే పట్టుకుని, మెల్లగా తిప్పుతూ, పగిలిన పండును, ఎదగని పండును సన్నకత్తెరతో తుంచేస్తోంది. పండుకు వేలు తగలనివ్వదు. తగిలితే పైనున్న తెల్లటి బూడిదలాంటి పొర పోయి గుత్తి పాతదిలా కనిపిస్తుందట. పందిరి రాతికంబానికి ఆమె టేప్‌రికార్డరు వేలాడుతోంది. అందులో ఎర్రదుమ్మే నడుస్తోంది.

వీరేందర్ రెండు నిమిషాలు విని ముఖం చిట్లించాడు.

“చిన్నమ్మా, సెల్లులు అయిపోయినయి. పాట ఈడుస్తాంది.”

“నిన్ననే ఏసిన బిడ్డా.”

అతను వినలేదు. స్కూటరు డబ్బాలోంచి కొత్త సెల్లులు తెచ్చి వేశాడు. పాట అట్లాగే ఉంది. లోపల రబ్బరు బెల్టు సాగిపోయిందనుకున్నాడు. బోర్లా వేసి నాలుగు స్క్రూలు విప్పి, బెల్టు తీసి రెండు వేళ్ల మధ్య లాగి చూశాడు. కాస్త వదులుగానే ఉంది. కొత్తది ఎక్కించి, చక్రం మీది జిడ్డును గుడ్డతో తుడిచి, మూత బిగించాడు. పాట అట్లాగే ఉంది.

ఆమె దగ్గరున్న భజనల కాసెట్టు పెట్టాడు. ఆ భజనలు అతను గుళ్లలో లెక్కలేనన్నిసార్లు వేసినవే. ఎక్కడా తేడా లేదు, సరిగ్గా నడిచాయి. మిషను మంచిదే. జేబులోంచి దుకాణం కాపీ తీసి అందులోనే పెట్టాడు. సన్నటి, పదునైన, ఉరుకులు పెట్టే గాలయ్య గొంతు వచ్చింది. అది తీసి మళ్లీ అసలుది పెట్టాడు. నిండుగా, బరువుగా, తొందర లేకుండా వచ్చింది.

అప్పుడు గుర్తుకొచ్చింది వీరేందర్‌కు. అట్లాగే మట్టిలో కూలబడ్డాడు.

కంపెనీ కాసెట్టు కొంచెం పొడుగు. బజార్లో దొరికే ఖాళీ కాసెట్టులో ఎక్కించబోతే ఆఖరి పాట సగంలో తెగిపోయేది. ఆ పాట పేరు ‘దుమ్ము లేస్తాంది’. అన్నిటికంటే వీరేందర్‌కు ఇష్టమైన పాట. దాన్ని కోయడానికి మనసొప్పలేదు. అసలు కాసెట్టును నడిపే డెక్కు వెనక మూత తీసి, మోటారు మీద ఉండే సన్నరంధ్రంలో స్క్రూడ్రైవరు పెట్టి, కొద్దిగా తిప్పాడు. పాటలు కాస్త గబగబా నడిచి, గొంతు ఆ మేరకు సన్నబడి ఎత్తు పెరిగి, అన్నీ పట్టాయి. పని కాగానే స్క్రూను మళ్లీ ఎప్పటిలా తిప్పేశాడు. ఆ కాపీ నుంచే మిగతా కాపీలన్నీ తీశాడు. రోజూ అదే వింటూ వింటూ ఆ సంగతే మరిచిపోయాడు. అతనే కాదు, మేడ్చల్, శామీర్‌పేట, గండిమైసమ్మ చౌరస్తా దాకా ఆటోల్లో, చాయ్ హోటళ్లలో అందరూ విన్నది, గుండెల్లో పెట్టుకున్నది ఆ స్క్రూ తిప్పిన గొంతునే.

“చిన్నమ్మా, పాడు పని జేసిన,” అని అంతా చెప్పాడు.

బాలనర్సమ్మ గుత్తిని అట్టపెట్టెలో కాగితం ముక్కల మీద పడుకోబెట్టి ఇంకోటి అందుకుంది.

“మంగళారమే జెప్పిన గద, గొంతు గట్లనే ఉన్నదని. చెవులల్ల పండ్లున్నయని నవ్విండ్రు,” అంది. గుత్తిని తిప్పుతూ, “నాకు జెప్తే ఏమొస్తది కొడుకా. పోయి గాయినకు జెప్పు,” అంది.

యాప్రాల్‌కు శనివారం పొద్దున్నే పోయాడు. చిన్నమ్మ టేప్‌రికార్డరు స్కూటరు మీద ముందు పెట్టుకుని, రెండు కాసెట్లూ చెరో జేబులో వేసుకుని. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూ పోయాడు. గాలయ్య ఇంటి ముందు ట్యాంకరు నిండుతోంది. అతన్ని చూడగానే అనుకున్నదంతా ఎగిరిపోయింది.

“అన్నా, ముందు గిది ఇను,” అని మాత్రం అన్నాడు.

అసలు కాసెట్టు పెట్టాడు. దుమ్ము లేస్తాంది పాట. గాలయ్య గడప మీద కూర్చుని, ముందు ఊరికే విన్నాడు. రెండో చరణానికి వీపు నిటారైంది.

“గిదెప్పుడు పాడిన?”

“గిదే ఎర్రదుమ్ము అన్నా. కంపెనీ కాసెట్.” రెండోది పెట్టాడు. “గిది నేను ఎక్కించింది. మా దిక్కు అందరు ఇన్నది గిదే. పాట తెగొద్దని మోటర్ స్పీడ్ పెంచిన. మరిచేపోయిన. నీ గొంతు ఎన్నడు గింత ఎత్తు లేకుండె అన్నా.”

గాలయ్య లేచి పోయి ట్యాంకరు మూత తీసి చూశాడు. ఇంకా సగమే నిండింది. అక్కడే వీపు తిప్పుకుని నిలబడ్డాడు. తిరిగొచ్చినప్పుడు అతని ముఖం చూడలేక వీరేందర్ తల దించుకున్నాడు.

“మా ఇంట్ల టేప్‌రికార్డర్ లేకుండె,” అన్నాడు గాలయ్య. “కంపెనీ ఇచ్చిన కాసెట్లు సుట్టాలకు పంచిన. నా పాట నేను ఇన్నది మీ ఆటోలల్లనే, మీ హోటళ్లల్లనే. స్టూడియోల ఏదో ఊపుల గంత ఎత్తుకు పాడిన్నేమో అనుకున్న. మల్ల ఎందుకొస్తలేదని పరేషాన్ అయిన. ప్రోగ్రాంకొస్తే మీ జనమంత గా కాసెట్ సుతిల ఎత్తుకునేటోళ్లు. నేను గూడ గా ఎత్తుకు ఎక్కేటోన్ని. నా కోసం అరుణ్ గిటార్ మీద చెయ్యి పైకి జరిపేటోడు. నీ గొంతుకేం కాలేదని గాయిన జెప్తనే ఉండె. నన్ను ఓదారుస్తుండు అనుకున్న. ఒకనాడు పాడి కిందికి దిగి ఉమ్మితే నెత్తురు పడ్డది. గా తెల్లారి బ్యాండ్ బంద్ వెట్టినం.”

వీరేందర్ టేప్‌రికార్డరు ఆపేశాడు. పిడుగు బ్యాండు ఎందుకు ఆగిపోయిందని పన్నెండేళ్లు అందర్నీ అడిగినవాడు తను.

“కొట్టబుద్దయితాంది నిన్ను,” అన్నాడు గాలయ్య.

“కొట్టన్నా.”

గాలయ్య కొట్టలేదు. “మల్ల ఎయ్యి. కంపెనీది,” అన్నాడు.

పాట మొదలైంది. దుమ్ము లేస్తాంది తొవ్వంతా, నా నీడ నాకే కానరాదు. గాలయ్య కళ్లు మూసుకుని, ముందు పెదాలతో, తర్వాత మెల్లగా గొంతుతో దానితోపాటు అందుకున్నాడు. టేప్‌రికార్డరులో ఉన్నవాడు వయసువాడు. గడప మీద ఉన్నవాడికి కణతలు నెరిశాయి. రెండు గొంతులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఏది ఎక్కడ ఆగిందో, ఏది ఎక్కడ అందుకుందో వీరేందర్‌కు తెలియలేదు. ఇన్నేళ్లుగా ఎన్నో స్పీకర్లు మోగించాడు కాని, ఇట్లాంటిది వినలేదు. రెండు చేతులూ జోడించాలని ఎందుకనిపించిందో, జోడించాడు.

గాలయ్య భార్య లత వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బియ్యం ఏరుతున్న చాట చేతిలోనే ఉంది.

“ఏమైంది, ఇయ్యాల కాసెట్ల గూడ ఇంట్ల పాడినట్టే పాడిండ్రు,” అంది.

గాలయ్య ఆమెను చూసి నవ్వబోయాడు. ఆ నవ్వు మధ్యలో ఏడుపు అయింది. మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు. బయట ట్యాంకరు నిండి పొర్లుతుంటే వీరేందరే పోయి నీళ్లు కట్టేశాడు.

“రేపు మైకు పట్టుకొని అందరికి జెప్త అన్నా. తప్పు నాదని.”

“జెప్పకు,” అన్నాడు గాలయ్య. “పాడకముందు జెప్తే సాకు జెప్పినట్టయితది. కాసెట్ గిట్ల ఏం ఎయ్యకు. నేనే పాడుత.”

ఆదివారం సాయంత్రం ఎండ పూర్తిగా దిగకముందే సంత మైదానం నిండిపోయింది. కుటుంబాలతో వచ్చినవాళ్లు, ట్రాక్టర్ల మీద నిలబడినవాళ్లు, కొత్తగా సీడీ విన్న కాలేజీ పిల్లలు. వీరేందర్ స్టేజీ పక్కన మిక్సర్ దగ్గర కూర్చున్నాడు. చిన్నమ్మ తోటవాళ్లతో వచ్చి ఆడవాళ్ల వైపు కూర్చుంది.

కొత్త పాటలు నాలుగు పాడారు. కాలేజీ పిల్లలు ఎగిరారు. పాతవాళ్లు చేతులు కట్టుకుని విన్నారు. మెకానిక్కు అరుణ్ వేళ్లనే చూస్తూ ఉండిపోయాడు. ఎవరో ఒకరిద్దరు లేచి వెళ్లిపోయారు కూడా. అయిదో పాటకు ముందు వెనక నుంచి మొదలైంది కేక, ఎర్రదుమ్ము, ఎర్రదుమ్ము అని. ఈలలు పడ్డాయి.

గాలయ్య అరుణ్ వైపు తిరిగి ఏదో అన్నాడు. అరుణ్ చెయ్యి గిటారు మీద కిందికి జరిగింది. దుమ్ము లేస్తాంది మొదటి వాయింపు వినిపించేసరికి మైదానమంతా లేచి నిలబడింది. గాలయ్య నోరు తెరవకముందే జనం ఎత్తుకున్నారు. అందరికంటే ముందు ఎంకయ్య, మెడ నరాలు ఉబ్బేలా, కాసెట్టులో ఉన్నంత ఎత్తులో. వాళ్ల తప్పేముంది, వాళ్లకు తెలిసిన పాట అదే.

గాలయ్య తన శ్రుతిలో అందుకున్నాడు.

వినడానికి కష్టంగా ఉంది. పైన వేలమంది, కింద ఒక్కడు. ఒక పాట రెండుగా చీలిపోయింది. వీరేందర్ చెయ్యి వాల్యూం మీదికి పోయింది. పెంచితే జనం గొంతును ముంచెయ్యొచ్చు. గాలయ్య అటు చూసి, వద్దన్నట్టు తలూపాడు. మెడ బిగించలేదు, కాలి వేళ్ల మీద లేవలేదు. ట్యాంకరు తోలే మనిషి మట్టి దారిలో పోయినట్టు, తన వేగంలో తను పాడుకుంటూ పోయాడు.

మొదట ఆడవాళ్ల వైపు నుంచి వినిపించింది. బాలనర్సమ్మ. ఆమెకు ఆ పాట ఎప్పుడూ అంతే కదా, అతని గొంతుతో సూటిగా కలిసింది. పక్కనున్న తోట ఆడవాళ్లు కలిశారు. టైలరు కలిశాడు. ఎంకయ్య ఇంకా పైనే ఉన్నాడు. పాడుతూ పాడుతూ అటూ ఇటూ చూశాడు. చుట్టూ గొంతులు ఒక్కొక్కటే దిగిపోతుంటే ఒంటరివాడైపోయాడు. ఒక్క చరణం నోరు మూసుకుని నిలబడ్డాడు. గాలయ్యను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తర్వాత మెల్లగా, తడుముకుంటూ, ఒకసారి తప్పి, మళ్లీ వెతుక్కుని కిందికి దిగాడు.

దిగాక అతని గొంతు బాగుంది. అందరి గొంతులూ బాగున్నాయి. అరిచి అరిచి ఎర్రబడే ముఖాలు ఆ పూట ఎర్రబడలేదు. మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే పాట, తొందర లేకుండా సాగింది. గాలయ్య పాడటం ఆపి, మైకు పట్టుకున్న చెయ్యి దించి, ఊరికే వింటూ నిలబడ్డాడు. వీరేందర్‌కు కళ్ల ముందు మిక్సర్ దీపాలు అలుక్కుపోయాయి. పాట ఇంకా రెండు చరణాలుంది.